ఆర్లింగ్టన్ 8వ నంబర్ ఫైర్ స్టేషన్: మైలు దూరం మారుద్దామనుకుని, చివరికి ఉన్నచోటే కట్టిన కథ

మా ఫీల్డులోకి కొత్తగా వచ్చిన పిల్లలు మ్యాపు మీద ఇరుకు జాగాలో ఉన్న పాత ఫైర్ స్టేషన్ కనబడగానే అనే మొదటి మాట, "దీన్ని అటు మార్చేస్తే సరిపోతుంది కదా సార్" అని. మ్యాపు మీద చూస్తే నిజంగానే సరిపోతుంది. రంగులు చక్కగా పరుచుకుంటాయి, నిమిషాలు తగ్గుతాయి, పవర్ పాయింట్ ముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాత పబ్లిక్ మీటింగ్ పెడితే అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఊళ్ళకి ఫైర్ స్టేషన్లు, నీళ్ళ ట్యాంకులు ఎక్కడ పెడితే బాగుంటుందో లెక్కలు కట్టి చెప్పడమే నా పని కాబట్టి ఈ సీను నాకు బాగా అలవాటు. అలాంటివాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పే కేసు అమెరికాలోని ఆర్లింగ్టన్ కౌంటీది. ఆ ప్రాజెక్టులో నేను పనిచేయలేదు. కానీ ఈ తరహా పని చేసేవాడిగా, అందులో నేర్చుకోవాల్సింది ఇంకే కేసులోనూ ఇంత స్పష్టంగా నాకు కనబడలేదు.

ముందు ఊరి సంగతి. వర్జీనియా రాష్ట్రంలో, పొటోమాక్ నదికి ఇవతల ఆర్లింగ్టన్, అవతల వాషింగ్టన్. హెర్న్‌డన్, ఆష్‌బర్న్ వైపు ఉండే మనవాళ్ళు 66వ నంబర్ హైవే మీద వాషింగ్టన్‌కి వెళ్తూ దీని మధ్యలోంచే పోతారు. పెంటగాన్ ఉన్నది ఈ కౌంటీలోనే. 2001 సెప్టెంబర్ 11న అక్కడ విమానం కూలినప్పుడు సహాయక చర్యలకి కమాండ్ తీసుకున్నది ఈ ఆర్లింగ్టన్ ఫైర్ డిపార్ట్‌మెంటే. కౌంటీ మొత్తం 26 చదరపు మైళ్ళు, అంటే సుమారు 67 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల్లో 2 లక్షల 38 వేల మంది. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది అనుకోకండి. లోపల వేరే మునిసిపాలిటీ ఒక్కటీ లేదు, కౌంటీయే మునిసిపాలిటీ. ఐదుగురు ఎన్నికైన సభ్యులతో బోర్డు, వాళ్ళు నియమించే కౌంటీ మేనేజర్. ఈ మేనేజర్‌ని మన మునిసిపల్ కమిషనర్ అనుకుంటే కథ అర్థమవుతుంది.

ఒకే ఫైల్లో రెండు సమస్యలు

8వ నంబర్ స్టేషన్ లీ హైవే (ఇప్పటి పేరు లాంగ్‌స్టన్ బులవార్డ్) మీద, హాల్స్ హిల్ అనే పేటని ఆనుకుని ఉంది. పాత బిల్డింగు 1963 నాటిది. ఆ కాలపు ఫైర్ స్టేషన్లలో పనిచేసినవాళ్ళని ఎవరిని కదిలించినా ఒకటే పాట: బండి పెట్టే బే ఇరుకు, తలుపు ఎత్తు చాలదు, బండి రివర్స్‌లో లోపలికి పెట్టాలంటే ఒకడు రోడ్డు మీద నిలబడి ట్రాఫిక్ ఆపాలి. 1963లో ఇంజిన్ సైజు వేరు, ఇప్పటి బండి సైజు వేరు. నిచ్చెన బండి అయితే 30 టన్నుల దాకా తూగుతుంది. కింద ఫ్లోరు దానికోసం పోసింది కాదు.

ఇంకో విషయం. అమెరికాలో జీతం మీద పనిచేసిన తొలి మహిళా ఫైర్‌ఫైటర్‌గా చెప్పుకునే ఆవిడని 1974లో ఉద్యోగంలోకి తీసుకున్నది ఈ ఆర్లింగ్టన్ కౌంటీయే. అంటే 1963లో స్టేషన్ గీసినవాడికి ఆడవాళ్ళు ఇక్కడ డ్యూటీ చేస్తారన్న ఊహ కూడా లేదు. అందరికీ కలిపి ఒకే నిద్ర గది, ఒకటే బాత్రూం వరస, ఆ రోజుల ప్లానులు అలాగే ఉండేవి.

బయటివాళ్ళకి కనబడని సమస్య ఒంటి మీద వేసుకునే కోట్లది. ఫైర్‌మన్ మంటల్లోకి వెళ్ళేటప్పుడు వేసుకునే మందపాటి కోటు, ప్యాంటు ఉంటాయి కదా, పని అయ్యాక అవి మసితో, కాలిన ప్లాస్టిక్ వాసనతో బిగుసుకుపోయి వస్తాయి. పాత స్టేషన్లలో వాటిని బండి పక్కనే గోడకి కొక్కేనికి తగిలించేవాళ్ళు. పొద్దున్న ఇంజిన్ స్టార్ట్ చేస్తే డీజిల్ పొగ వాటి మీదే. ఆ పక్కనో పై అంతస్తులోనో వీళ్ళే వంట చేసుకుని, తిని, పడుకోవాలి. ఫైర్‌ఫైటర్ ఉద్యోగాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2022లో పెట్టింది, కానీ అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే డిపార్ట్‌మెంట్లకి ఈ భయం ఉంది. అందుకే ఇప్పుడు కట్టే స్టేషన్లలో మురికి వైపు, శుభ్రమైన వైపు అని విడగొడతారు. కోట్లకి విడిగా గాలి బయటికి లాగేసే గది, వాటిని ఉతకడానికి పెద్ద మెషీన్లు, ఆ గది దాటి, కాళ్ళు చేతులు కడుక్కునే గాని వంటింటి వైపు రాకుండా దారి. ఇవన్నీ కావాలంటే జాగా కావాలి. ఉన్న ప్లాటు చిన్నది. మొదటి సమస్య ఇది.

రెండో సమస్యకీ బిల్డింగుకీ అసలు సంబంధం లేదు. కౌంటీ ఉత్తర భాగం, నది వైపు, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ సరిహద్దు వైపు, అంతా మిట్టపల్లాలు, మెలికల రోడ్లు, పెద్ద పెద్ద విడి ఇళ్ళు. ఏ స్టేషన్ నుంచి చూసినా అది దూరమే. అక్కడి జాతీయ అగ్నిమాపక సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) పెట్టిన 1710 అనే ప్రమాణం ప్రకారం మంటల కాల్ వస్తే సిబ్బంది 80 సెకన్లలో బండెక్కాలి, కదిలాక 240 సెకన్లలో, అంటే నాలుగు నిమిషాల్లో మొదటి ఇంజిన్ చేరాలి, అది కూడా పదింట తొమ్మిది సార్లు. మ్యాపు మీద నాలుగు నిమిషాల గీత గీసి, అందేచోటికి రంగు వేసి చూస్తే ఉత్తరం కొస తెల్లగా మిగిలిపోతోంది. స్టేషన్‌ని మైలు దూరం అటో ఇటో ఉత్తరానికి జరిపితే ఆ తెలుపు చాలావరకు పోతుంది. అంతకుముందు కన్సల్టెంట్లతో చేయించిన అధ్యయనాలు కూడా ఉత్తరానికి జరపమనే చెప్పాయి.

ఇక్కడ మూడోది తోడైంది. ఓల్డ్ డొమినియన్ డ్రైవ్, 26వ వీధి కలిసే చోట, మేరీమౌంట్ యూనివర్సిటీ దగ్గర, కౌంటీకి సొంత స్థలం ఉంది. రాలిన ఆకులు పోగేసి ఎరువు చేయడానికి, మంచు పడితే రోడ్ల మీద చల్లే ఉప్పు నిల్వ చేయడానికి వాడుతున్నారు. "సొంత జాగా ఉండగా కొనడం ఎందుకు" అనే మాట ఏ దేశంలోనైనా ఆఫీసర్ల నోట ముందు వచ్చేదే. కొత్త బిల్డింగు కావాలి, ఉత్తరాన గ్యాప్ పూడాలి, ఉత్తరాన సొంత స్థలం ఉంది. మూడూ కలిపి ఒకే ప్రతిపాదన: స్టేషన్‌ని అక్కడికి మార్చేద్దాం. కాగితం మీద ఇంతకన్నా పొందిగ్గా ఉండే పరిష్కారం దొరకదు.

నన్నడిగితే తేడా కొట్టింది సరిగ్గా ఈ కలిపెయ్యడం దగ్గరే. ఎవరి అభ్యంతరం వినాలన్నా, అది బిల్డింగు గురించా, నిమిషాల గురించా, స్థలం గురించా అని విడదీసి చూసే వీలు ఆ ప్రతిపాదనలో లేకుండా పోయింది.

హాల్స్ హిల్ వాళ్ళకి అది స్టేషన్ ఒక్కటే కాదు

హాల్స్ హిల్ పుట్టింది అమెరికా అంతర్యుద్ధం తర్వాత. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు అక్కడ ముక్కలు ముక్కలుగా భూమి కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నాయి. చుట్టూ తెల్లవాళ్ళ పేటలు పెరిగాయి. 1930లలో ఈ పేటకీ పక్క తెల్లవాళ్ళ పేటకీ మధ్య గోడ లేచింది. అలంకారానికి అన్నమాట కాదు, నిజం గోడ, మనిషికన్నా ఎత్తు. వీధులు వచ్చి గోడకి తగిలి ఆగిపోయేవి. 1966లో గాని కౌంటీ అందులో కొంత భాగం కూలగొట్టలేదు, మిగిలిన ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు ఫైర్ సంగతి. విడివిడిగా బతకాల్సిన ఆ రోజుల్లో చుట్టుపక్కల తెల్లవాళ్ళ ఫైర్ కంపెనీలు వచ్చి మంటలు ఆర్పుతాయని నమ్ముకోడానికి లేదు. అందుకని 1918లో పేటవాళ్ళే హాల్స్ హిల్ వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ పెట్టుకున్నారు. చందాలు, విందులు, ఎవరికి తోచిన సాయం వాళ్ళు చేసి సామాను కొనుక్కున్నారు. 1951లో కౌంటీ వీళ్ళకి జీతాలు ఇవ్వడం మొదలుపెట్టింది, తెల్లవాళ్ళ స్టేషన్లకి జీతాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. వర్జీనియాలో జీతం మీద పనిచేసిన తొలి నల్లజాతి ఫైర్‌మెన్‌లలో వీళ్ళ పేరు చెప్పుకుంటారు. ఆ తర్వాత 1963లో లీ హైవే మీద కౌంటీ కట్టిన బిల్డింగే మనం మాట్లాడుకుంటున్న 8వ నంబర్.

ఇంకో ముక్క చెప్పాలి. ఈ పేట పిల్లలే 1959 ఫిబ్రవరి 2న స్ట్రాట్‌ఫర్డ్ జూనియర్ హైస్కూల్లో అడుగుపెట్టారు, నలుగురు. వర్జీనియాలో తెల్లవాళ్ళ ప్రభుత్వ బడిలో నల్లజాతి పిల్లలు చేరడం అదే మొదటిసారి. అలాంటి చరిత్ర ఉన్న పేట ముందున్న రోడ్డు పేరేమో లీ హైవే. బానిసత్వం నిలవాలని పోరాడిన దక్షిణాది సైన్యానికి సేనాని రాబర్ట్ లీ పేరు అది. 2021లో గాని దాన్ని లాంగ్‌స్టన్ బులవార్డ్‌గా మార్చలేదు. జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ వర్జీనియా నుంచి అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి నల్లజాతి ప్రతినిధి.

ఇదంతా తెలిసినవాడికి, "మీ స్టేషన్‌ని మైలు ఉత్తరానికి, బాగా ఉన్నవాళ్ళుండే వైపు మార్చేస్తాం, మీకేం పర్లేదు, రెస్పాన్స్ టైం పెద్దగా పెరగదు" అని స్లైడు వేసి చూపిస్తే ఆ గదిలో ఏం జరుగుతుందో ఊహించడానికి ప్లానింగ్ డిగ్రీ అక్కర్లేదు. తాతలు మంటలకి భయపడి సొంతంగా పెట్టుకున్నదాన్ని, మనవల కాలంలో మినిట్ల లెక్క చూపించి పట్టుకుపోతామంటున్నారు. అది సెంటిమెంటు, సర్వీసు లెక్కల్లోకి రాదు అని కొట్టిపారేసే ఇంజినీర్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. ఫలానా పేటకి మంచి సర్వీసు ఎందుకు అందలేదో, ఎవరు ఎప్పుడు ఎందుకు వదిలేశారో అనేది కూడా సర్వీసు లెక్కే. ఆ గోడ వల్ల వీధులు ఎక్కడెక్కడ తెగాయో అదీ డ్రైవ్ టైంలోకి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి గోడ ఎందుకు కట్టారో తెలియదు, రోడ్డు లేదన్న సంగతి మాత్రమే తెలుస్తుంది.

అటువైపు వాళ్ళూ వద్దన్నారు

తమాషా ఏంటంటే, స్టేషన్ ఎవరికోసమైతే ఉత్తరానికి వెళ్ళాలో ఆ చుట్టుపక్కల వాళ్ళూ రమ్మని స్వాగతం పలకలేదు. చెట్లు కొట్టేస్తారు, ఖాళీ జాగా పోతుంది, మిట్ట దిగే రోడ్డు మీద పెద్ద బండ్లు, రాత్రిపూట సైరన్లు. పైగా ఆకులూ ఉప్పూ ఎక్కడికి పోతాయో ఎవరూ చెప్పలేదు. చాలామంది అన్నది, "మాకు ఇబ్బందిగా ఏం లేదు, ఉన్నచోటే ఉంచండి" అని. ఉత్తరాది వాళ్ళు స్వార్థంతో అన్నారా, హాల్స్ హిల్ చరిత్ర మీద గౌరవంతో అన్నారా అంటే రెండూ కలిసే ఉంటాయి. ఏ పబ్లిక్ మీటింగులోనైనా అంతే, ఒక్క కారణంతో ఎవడూ మైకు పట్టుకోడు.

సైరన్ల మాట వచ్చింది కాబట్టి ఒక మాట. కొత్త చోట స్టేషన్ అనగానే జనం ముందు భయపడేది దీనికే, నిజానికి స్టేషన్ పక్కింటివాడికి అంత మోత ఉండదు. రాత్రి రెండింటికి రోడ్డు ఖాళీగా ఉంటే స్టేషన్ ముందు సైరన్ కొట్టే అవసరం తక్కువ, స్టేషన్ ముందున్న సిగ్నల్‌ని లోపలి నుంచే ఎర్ర చేసుకుని బండి బయటికి తీసే ఏర్పాట్లున్నాయి. అసలు గోల కూడలి దగ్గర ఇళ్ళవాళ్ళకి. ఈ సంగతి మొదటి మీటింగులోనే చెబితే సగం వేడి తగ్గుతుంది. కానీ ఆ మీటింగుకి ఆపరేషన్స్ తెలిసిన ఫైరాఫీసర్ని తీసుకురాకుండా ఆర్కిటెక్టుని, లాయర్ని తీసుకొస్తారు. ఇది ఆర్లింగ్టన్ గురించి అంటున్న మాట కాదు, మామూలుగా అన్ని చోట్లా నేను చూసేది.

టాస్క్‌ఫోర్స్, మ్యాపు మీద రెండో చూపు

గొడవ ముదిరాక కౌంటీ మేనేజర్ 2016లో ఒక టాస్క్‌ఫోర్స్ వేశారు. రెండు వైపుల పేటల వాళ్ళూ, ఇతర పౌరులూ అందులో ఉన్నారు. నాకు నచ్చింది ఇది: "ఇక్కడా అక్కడా, చేతులెత్తండి" అని కాకుండా, డేటా వాళ్ళ ముందు పెట్టి వాళ్ళనే తవ్వుకోనిచ్చారు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు కీలకం ఇందులోనే ఉంది. నాలుగు నిమిషాల మ్యాపు నేలని కొలుస్తుంది, మనుషుల్ని కాదు. తెల్లగా మిగిలిన ఉత్తరం కొస చూడ్డానికి పెద్దగా ఉంటుంది, కానీ అక్కడ ఉన్నవి విడి ఇళ్ళు, కాల్స్ తక్కువ. లీ హైవే పొడుగునా, దానికి దక్షిణంగా అపార్ట్‌మెంట్లు, షాపులు, వృద్ధులు, దగ్గర్లో పెద్ద హాస్పిటల్. కాల్స్ ఎక్కువ పుట్టేది అక్కడ. అమెరికాలో ఫైర్ డిపార్ట్‌మెంట్లకి వచ్చే కాల్స్‌లో మూడింట రెండొంతులు మంటలవి కానే కావు, గుండెనొప్పి, కింద పడ్డవాళ్ళు, ఊపిరాడనివాళ్ళు. ఉదాహరణకి ఏడాదికి వంద కాల్స్ వచ్చే చోట ఒక నిమిషం మిగిల్చి, వెయ్యి కాల్స్ వచ్చే చోట అర నిమిషం పోగొట్టుకుంటే, మ్యాపు మాత్రం అందంగా అయింది, మొత్తం మీద నష్టమే. ఇవి ఆర్లింగ్టన్ అంకెలు కావు, లెక్క ఎలా తిరగబడుతుందో చెప్పడానికి వేసినవి.

అలాగని ఉత్తరాన ఉన్నవాళ్ళ ప్రాణం తక్కువా? కాదు. కాల్స్ తక్కువ కాబట్టి పర్లేదు అనే వాదన పల్లెటూళ్ళకి ఫైరింజన్ ఎందుకు అనేదాకా పోతుంది, అది ప్రమాదకరమైన వాదన. కానీ ఉత్తరాన గ్యాప్ ఉందంటే దాని అర్థం "అక్కడ ఎవరూ రారు" అని కాదు. ఆర్లింగ్టన్, పక్కనున్న అలెగ్జాండ్రియా నగరం, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ మధ్య 1970ల నుంచీ ఒక ఒప్పందం ఉంది, సరిహద్దు చూడకుండా ఎవరి బండి దగ్గరగా ఉంటే వాళ్ళే వెళ్ళాలి. అందుకే బండ్ల నంబర్లు కూడా ఒకే వరసలో ఉంటాయి: ఆర్లింగ్టన్‌వి నూట ఒకటి నుంచి, అలెగ్జాండ్రియావి రెండు వందల వరస, ఫెయిర్‌ఫాక్స్‌వి నాలుగు వందలు. మన 8వ స్టేషన్ ఇంజిన్ నంబర్ 108. (అక్కడ ఉండే తెలుగువాళ్ళకి ఆ నంబర్ చూస్తే అంబులెన్సే గుర్తొస్తుంది, నాకైతే ప్రతిసారీ వస్తుంది.) కౌంటీ సరిహద్దు దగ్గర ఆగిపోయే మ్యాపు వేసి "ఇక్కడ గ్యాప్" అంటే, అవతలి కౌంటీ బండి రెండు మలుపుల దూరంలో ఉన్న సంగతి ఆ మ్యాపులో పడదు. నేను ఎవరి రిపోర్టు చేతికిచ్చినా ముందు చూసేది ఇదే, గీత సరిహద్దు దగ్గర ఆగిందా దాటిందా అని.

2016లోనే టాస్క్‌ఫోర్స్ తేల్చి చెప్పింది: స్టేషన్ ఉన్నచోటే, లీ హైవే మీదే, నాలుగు బేలతో కొత్తది కట్టండి. మేనేజర్ తన మొదటి ప్రతిపాదన పక్కన పెట్టి దానికి ఒప్పుకున్నారు. ఆ వేసవిలో బోర్డు కూడా సరేనంది. ఇది చిన్న విషయం కాదు. అధ్యయనాలు చేతిలో ఉండి, సొంత స్థలం ఉండి, "నిపుణులు చెప్పారు" అనే మాట పట్టుకుని వేలాడకుండా వెనక్కి రావడానికి ఆఫీసర్‌కి గుండె ఉండాలి.

ఉన్నచోటే కట్టడం అంత తేలిక కాదు

జనం గెలిచారు, అందరూ చప్పట్లు కొట్టారు అని ఇక్కడితో ఆపేసే కథనాలు చాలా చదివాను. తర్వాతి భాగమే నాలాంటివాళ్ళకి అసలు పని.

ఖాళీ స్థలంలో కొత్త స్టేషన్ కడితే పాతది చివరి రోజుదాకా నడుస్తుంది. ఒక తెల్లవారుజామున బండ్లు కొత్తదానికి మారతాయి, అంతే. ఉన్నచోటే కట్టాలంటే ముందు పాతది కూలగొట్టాలి. ఈలోగా ఆ బండి, ఆ సిబ్బంది ఎక్కడ ఉండాలి? వేరే స్టేషన్లకి సర్దేస్తే కొన్నేళ్ళపాటు ఆ పేటకి రెస్పాన్స్ పడిపోతుంది, అప్పుడు ఈ గొడవంతా దేనికి చేసినట్టు? అందుకని దగ్గర్లోనే తాత్కాలిక స్టేషన్ కట్టారు. తాత్కాలికం అంటే టెంటు కాదు. బండికి ఎత్తయిన షెడ్డు, కింద బరువు ఆపే కాంక్రీటు, నిద్ర గదులు, వంటిల్లు, కాల్ రాగానే లైట్లు వెలిగి స్పీకర్లో అడ్రస్ చెప్పే అలర్ట్ సిస్టం, మంచినీరు, డ్రైనేజీ. ఇదంతా మూడేళ్ళ తర్వాత పీకేసేదానికి పెట్టే ఖర్చు. ఇంకా స్టేషన్ నాలుగు బేలకి సరిపోవాలంటే పక్క స్థలం కూడా కలుపుకోవాలి. మొత్తం మీద ఖాళీ జాగాలో కట్టినదానికన్నా ఎక్కువ డబ్బు, ఎక్కువ కాలం. నిర్ణయం 2016లో, కొత్త స్టేషన్ తలుపులు తెరుచుకున్నది 2024లో. మధ్యలో కోవిడ్ ఉందనుకోండి, అయినా ఎనిమిదేళ్ళు.

"మార్చకుండా ఉంచినందుకు కట్టిన మూల్యం ఇది" అని కొందరు లెక్క చెబుతారు. ఆ లెక్క నిజమే కానీ సగం. మార్చి ఉంటే ఓల్డ్ డొమినియన్ స్థలం నుంచి ఆకుల ఎరువునీ ఉప్పునీ వేరే చోటికి తరలించాలి, దానికి మళ్ళీ స్థలం, మళ్ళీ మీటింగులు, మళ్ళీ ఇంకో పేట. ఆ ఖర్చు మొదటి ప్రతిపాదనలో ఎవరి పద్దులోనూ పెద్దగా కనబడదు. ఆ స్థలం ఎంత ఖాళీ స్థలమో 2018లో తేలింది. ఉప్పు నిల్వ చేసే ట్యాంకు, అది నిజానికి చాలా పాత నీళ్ళ ట్యాంకు, ఇక నిలబడదని తేలడంతో చలికాలం లోపల కొత్త ఉప్పు గోదాము కట్టాలని కౌంటీ అదే స్థలంలో హడావుడిగా పని పెట్టుకుంది, చుట్టుపక్కల వాళ్ళు మళ్ళీ భగ్గుమన్నారు. 2016లో అక్కడ ఫైర్ స్టేషన్ వచ్చి ఉంటే ఉప్పు ఎక్కడ పోసేవాళ్ళు? మ్యాపు మీద కౌంటీ స్థలం ఆకుపచ్చగానో బూడిదరంగుగానో ఖాళీగా కనిపిస్తుంది, కానీ పనిలో ఉన్న స్థలం ఎప్పుడూ ఖాళీ కాదు.

ఉత్తరాన గ్యాప్ సంగతి? అది పూర్తిగా పోలేదు. నాలుగు బేలు ఉన్నాయి కాబట్టి రేపు అవసరమైతే ఇంకో బండి, ఇంకో సిబ్బంది పెట్టుకునే వెసులుబాటు వచ్చింది, కానీ నది వైపు మెలికల వీధుల చివరి ఇంటికి దూరం దూరమే. టాస్క్‌ఫోర్స్ నిర్ణయం సరైనదని నేను నమ్ముతాను, అయినా ఆ చివరి ఇంట్లో ఉన్నాయన వచ్చి "నా సంగతేంటి" అంటే నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నట్టు నటించే రిపోర్టులు నాకు పడవు.

పక్కనే ఉన్న చెర్రీడేల్‌లో దీనికి తారుమారు కథ ఉంది, ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అక్కడి వాలంటీర్ ఫైర్ హౌస్ 1919లో కట్టింది, చారిత్రక కట్టడాల జాబితాలో ఉంది. 3వ నంబర్ స్టేషన్‌ని 2011లో కొత్త బిల్డింగులోకి మార్చారు, పాతది అలాగే నిలిచింది. అంటే మార్చడం తప్పని కాదు నేననేది. అక్కడ మార్చినా పేట తన స్టేషన్ని పోగొట్టుకోలేదు, ఫర్లాంగుల దూరంలో కొత్తది వచ్చింది, పాత గుర్తూ మిగిలింది. 8వ నంబర్ దగ్గర కలగబోయిన నష్టం వేరు.

మన దగ్గరికి వస్తే

మన లెక్కలు వేరు, ఆ తేడాలు తెలుసుకోకుండా ఈ కేసుని ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టకూడదు. కేంద్ర హోం శాఖ కింద ఉండే స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ చెప్పిన ప్రకారం బండి చేరాల్సింది పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో ఫైర్ సర్వీసు మునిసిపాలిటీల పనుల జాబితాలో ఉన్నా, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నడిపేది రాష్ట్ర ప్రభుత్వ శాఖే. అంటే స్టేషన్ ఒకరిది, రోడ్డు ఇంకొకరిది, స్థలం చాలాసార్లు మూడోవాళ్ళది. ఆర్లింగ్టన్‌లో ఐదుగురు సభ్యుల బోర్డు ఒక్క రాత్రి ఓటేసి తేల్చిన విషయానికి మన దగ్గర మూడు శాఖల ఫైళ్ళు తిరగాలి. డబ్బుకి మాత్రం దారి వచ్చింది, పదిహేనో ఆర్థిక సంఘం సిఫార్సు మీద ఫైర్ సర్వీసుల విస్తరణకి కేంద్రం 2023లో 5,000 కోట్ల రూపాయల పథకం పెట్టింది. డబ్బు వచ్చినచోట పాత స్టేషన్లు మార్చే ప్రతిపాదనలూ వస్తాయి, అందుకే ఇది రాయాలనిపించింది.

మన పాత పట్టణాల్లో ఫైర్ స్టేషన్ ఎక్కడుంటుంది? మార్కెట్ దగ్గర, బస్టాండ్ దగ్గర, ఊరి నడిబొడ్డున. గేటు ముందు తోపుడు బండ్లు, ఆటోలు, ఎవరిదో కారు. సాయంత్రం ఏడింటికి వాటర్ టెండర్ గేటు దాటి మెయిన్ రోడ్డెక్కడానికే అయిదు నిమిషాలు పట్టే చోట్లు ఉన్నాయి. "బైపాస్‌కి మార్చేద్దాం సార్, రయ్యిమని వెళ్ళొచ్చు" అంటారు. వెళ్ళొచ్చు, బైపాస్ మీద. మంట లేచేది పాత బట్టల బజార్లో, పైన ఇల్లు కింద గోదాము ఉండే సందులో. బైపాస్ నుంచి ఆ సందుదాకా అదే ట్రాఫిక్‌లో ఎదురు దిశలో రావాలి. హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర 2025 మేలో 17 మంది పోయారు. అలాంటి పాత ఇళ్ళల్లో బండి గడప దాకా వచ్చాక కూడా లోపలికి దారి దొరకడం ఎంత కష్టమో చూశాం. పాత బస్తీకి నిమిషాలు ఇంకా పెరిగే ప్రతిపాదన ఏదొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే, సాయంత్రం ఏడింటి డ్రైవ్ టైం ఎంత? రాత్రి రెండింటిది నాకొద్దు. తెల్లవారుజామున బండి తోలి చూసి "నాలుగున్నర నిమిషాలే" అని రాసిన రిపోర్టులు చదివాను.

ఇంకో తేడా, అభ్యంతరం ఎక్కడినుంచి వస్తుందన్నది. సైరన్ మోత గురించి మనవాళ్ళు పెద్దగా పట్టించుకోరు, కల్యాణమండపం పక్కన బతికేవాళ్ళం. చెట్ల గురించి కొద్దిమంది అడుగుతారు. మన దగ్గర అసలు అనుమానం ఖాళీ అయ్యే జాగా మీద. నడి ఊళ్ళో, మెయిన్ రోడ్డు మీద, అర ఎకరమో ముప్పావు ఎకరమో ప్రభుత్వ స్థలం, దాన్నుంచి స్టేషన్ని ఊరి బయటికి పంపిస్తున్నారంటే టీకొట్టు దగ్గర ముందు వచ్చే మాట "షాపింగ్ కాంప్లెక్స్ వేస్తారు చూడు" అని. ఒక్కోసారి ఆ అనుమానం నిజం కూడా అవుతుంది. ఆ ప్రశ్నకి జవాబు మొదటి కాగితంలో లేకపోతే మిగతా రెస్పాన్స్ టైం లెక్కలన్నీ ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా.

అందుకని మన పట్టణాల్లో ఇలాంటి పని వస్తే నేను ఫైల్ రెండుగా చీల్చమంటాను. బిల్డింగు పాడైందా, అది ఒక ఫైల్. ఊరు పెరిగి కొత్త కాలనీలకి బండి అందట్లేదా, అది వేరే ఫైల్, దానికి కొత్త స్టేషన్ అడగాలి, పాతది ఊడబెరికి కాదు. పాతదాన్ని నిజంగానే తరలించాల్సి వస్తే పాత స్థలంలో కనీసం ఒక చిన్న బండి, సందుల్లోకి దూరి సన్నటి తుంపర్లుగా నీళ్ళు కొట్టే మిస్ట్ జీపు లాంటిది, అయిదారుగురు సిబ్బంది, గేటు ముందు ఎవరూ బండి పెట్టకుండా పసుపు గీతలు, ఇవి ఉండాలి. ఆ స్థలం ఫైర్ శాఖ పేరు మీదే ఉంటుందని జీవోలో రాయాలి. స్టేషన్లో కాల్ రిజిస్టర్ ఉంటుంది, మూడేళ్ళది తీసి ఏ వీధి నుంచి ఎన్ని కాల్స్ వచ్చాయో పేటవాళ్ళ ముందు పెట్టాలి, మీటింగు టౌన్ హాల్లో కాకుండా ఆ స్టేషన్ బేలోనే బండ్లు బయటికి తీసి కుర్చీలు వేసి పెట్టాలి. లీడింగ్ ఫైర్‌మన్‌ని మాట్లాడనివ్వాలి. ఏ సందులో ఏ తీగ కిందకి వేలాడుతోందో, ఏ మలుపు దగ్గర రెండుసార్లు రివర్స్ కొట్టాలో ఆయనకి తెలిసినంత మా సాఫ్ట్‌వేర్‌కి తెలియదు.